ఎర్ర ఊలు కట్టిన మూడు గుమ్మడికాయలు

ఫెర్రూజా తోట తడిక తీసి లోపలికి ఒక కాలు పెట్టింది. రెండో కాలు బయటే ఉండిపోయింది. పొరపాటున ఇంకెవరి తోటలోకో వచ్చానా ఏంటి అనుకుంది.

నాలుగు రోజుల కింద ఆమె ఊరెళ్లినప్పుడు ఈ తోట అడవిలా ఉంది. చెల్లెలు అంజూరు చెట్టు మీంచి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందని కబురొస్తే ఎక్కడి పని అక్కడ పడేసి బస్సెక్కేసింది మరి. అప్పుడు ఎండిపోయిన టమాటా మొక్కలు, ఒరిగిపోయిన చిక్కుడు కర్రలు, పాదం మునిగిపోయేంత అంజూరు ఆకులు, పగిలిన దానిమ్మల చుట్టూ కందిరీగలు. అక్టోబర్లో జుర్జురా కొండల కింద ఏ పెరడు చూసినా అంతే. వానలు దిగేలోపు కోసేది కోసి, పీకేది పీకి, ఎరువు కలిపి నేలని చలికాలానికి వదిలెయ్యాలి. వారం రోజుల పని. నడుం విరిగే పని.

ఇప్పుడు చూస్తే ఆ పని మొత్తం అయిపోయి ఉంది.

చిక్కుడు కర్రలు కట్టలు కట్టి గోడకి చేరేసి ఉన్నాయి. ఆకులన్నీ ఊడ్చి ఒక మూల కుప్ప పెట్టారు. ఎర్ర మిరపకాయలు దండలు గుచ్చి డాబా మీంచి వేలాడదీశారు. పచ్చి టమాటాలు ఒక బుట్టలో, దోరవి ఒక బుట్టలో, దానిమ్మలు గడ్డి మీద ఒకదానికొకటి తగలకుండా వరసగా. మళ్లన్నీ తవ్వి, మేక ఎరువు కలిపి, చదును చేసి, పైన చెయ్యిపెట్టి నిమిరినట్టుగా ఉంది.

మొగుడు బెలాయిద్ గోడ మీద కూచుని కాఫీ తాగుతున్నాడు. "ఏం, నోరెళ్లబెట్టావు? నీ కోడలి పనే. ఊళ్లో ఆడాళ్లందరినీ తివిజికి పిలిచింది. పన్నెండు మంది వచ్చారు. ఒక్క పూటలో తేల్చేశారు. నువ్వుంటే పన్నెండు మందికీ పన్నెండు వంకలు పెట్టేదానివి, పది రోజులు పట్టేది."

తివిజి అంటే తలా ఒక చెయ్యి వెయ్యడం. ఇవాళ నీ ఇంటికి, రేపు నా ఇంటికి. ఫెర్రూజా వేరే వాళ్ల తివిజికి అందరికంటే ముందు పోయేది గానీ, తన తోటకి మాత్రం ముప్పై ఐదేళ్లలో ఒక్కసారీ పిలవలేదు. పిలవకపోవడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం గోడ మూలన, నీళ్ల తొట్టి పక్కన ఉంటుంది.

ఆమె చూపు అటు పోయింది.

మూల ఖాళీగా ఉంది. తవ్వి, ఎరువు కలిపి, చదును చేసి ఉంది.

"తీగేదీ?" అంది. 

కొత్త కోడలు జెజ్జిగ లోపల్నించి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్లయి రెండు నెలలు. కొండకి అవతలి ఊరి పిల్ల. ముఖం నిండా నవ్వు. "వచ్చావా అత్తమ్మా! పిన్ని చెయ్యి ఎలా ఉంది? కట్టు కట్టారా?"

"తీగేదే?"

"గుమ్మడి తీగా? ఎండిపోయింది కదత్తమ్మా, పీకేశాం."

"దాని మీద కాయలున్నాయి."

"అవునత్తమ్మా, మూడున్నాయి. ఎర్ర ఊలు కట్టినవి. పంచేశాను!"

ఫెర్రూజా తొట్టి గట్టు మీద కూలబడింది. చంకలో ఉన్న మూట జారి, చెల్లెలు కట్టిచ్చిన ఎండు అంజూరలు నేల మీద దొర్లిపోయాయి. ఎవరూ ఏరలేదు. జెజ్జిగ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలీక.

"మా ఊళ్లో అంతేగా అత్తమ్మా," అంది చిన్నగా. "కోత ముగించేటప్పుడు ఇరుగుపొరుగు వాటా కాయల ముచ్చికకి ఎర్ర ఊలు కట్టి పెడతారు. అన్నిటికంటే ముందు అవే కోసి పంచాలి. నీ తీగకి ఉన్నవే మూడు, మూడింటికీ కట్టేసి ఉంది. మా అత్తది ఎంత పెద్ద చెయ్యి అని నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. అందరికీ చెప్పాను కూడా."

బెలాయిద్ కాఫీ పక్కన పెట్టేశాడు.

ఫెర్రూజా ఊళ్లో ఎర్ర ఊలుకి ఏ అర్థమూ లేదు. అర్థం ఆమెకే ఉంది. ఎర్ర ఊలు కట్టింది విత్తనం కాయ, ముట్టుకోకూడదు. ఎవరైనా అడిగితే దిష్టి తగలకుండా కట్టానని చెప్పేది. ముప్పై ఐదేళ్లుగా అదే అబద్ధం. తివిజికొచ్చిన పన్నెండు మంది ఆడాళ్లూ జెజ్జిగకి అదే చెప్పుంటారు. దిష్టికటమ్మా, కోసెయ్, ఏం కాదు అని.

ఆ గుమ్మడి ఆమె తల్లి యమీనాది. బూడిద రంగు తొక్క, పొడుగు మెడ, లోపల కుంకుమ రంగు. ఫెర్రూజా పెళ్లి నాడు యమీనా దగ్గర బంగారం లేదు, వెండి లేదు. గుర్రం ఎక్కించే ముందు కూతురి నడికట్టు ముడిలో పదకొండు గింజలు పెట్టి, "జాగ్రత్తగా చూసుకో తల్లీ, ఇది పోతే మళ్లీ దొరకదు" అంది. చలికాలం మూడు నెలలు ఇంటిల్లిపాదీ దాని మీద బతికిన రోజులున్నాయట. ఆ తర్వాత రెండేళ్లకే యమీనా పోయింది. ఆ ఊరి తోటలు కూడా కాలిపోయాయి. ఇక ఆ గింజ ఫెర్రూజా దగ్గర తప్ప ఎక్కడా లేదు.

జాగ్రత్త అంటే ఫెర్రూజాకి దాచడం అని అర్థమైంది. దాచింది. కాయ మాత్రం పెట్టేది, అందరికీ పెట్టేది. పిసినారి అనిపించుకోవడం ఆమెకి చావుతో సమానం. కానీ ముక్క కోసే ముందు పొట్టలో గింజలన్నీ గీకేసి, నీళ్లతో కడిగి, ఒక్క గింజ కూడా అతుక్కుని లేదని చూసుకుని అప్పుడు పంపేది. తోటలో వేసుకోగా మిగిలిన పాత గింజలు వసంతంలో పెనం మీద వేయించుకుని తినేసేది. ఇంట్లో ఉంటే ఎవరైనా కొట్టేస్తారని భయం.

అందుకే ఇప్పుడు ఇంట్లో ఒక్క పాత గింజ లేదు. ఈ ఏడు ఎండలకి ఊట తగ్గిపోయి తీగకి నిలబడ్డవి మూడే మూడు కాయలు. మూడూ పోయాయి.

"ఎవరెవరికిచ్చావు?" అంది ఫెర్రూజా లేచి.

"రెండు కోసి ఆరు ఇళ్లకి ముక్కలు పంపాను. మూడోది..." జెజ్జిగ ఆగింది.

"మూడోది?"

"మూడోది కొయ్యకుండా మల్హా పెద్దమ్మకిచ్చాను. నీకూ ఆమెకీ మాటల్లేవని మావయ్య చెప్పాడు. మా ఊళ్లో మాటల్లేని వాళ్లకి మొత్తం కాయ ఇస్తారు, అలా అయినా మాటలు కలుస్తాయని."

ఫెర్రూజా బెలాయిద్ వైపు చూసింది. బెలాయిద్ చెట్టు మీద పిట్టల్ని లెక్కపెట్టడం మొదలెట్టాడు.

ముసుగు సర్దుకుని ఆమె వీధిలోకి పడింది. మొదటి ఇల్లు సాదియాది. సాదియా వాకిట్లో కోళ్లు ఏదో పొడుస్తున్నాయి. ఫెర్రూజా వాటి మధ్యలోకి దూకింది. కోళ్లు అరుచుకుంటూ గోడెక్కాయి. నేల మీద తెల్లటి పొట్టు మాత్రం ఉంది.

"ఏమైందక్కా?" అని సాదియా పరిగెత్తుకొచ్చింది. "గుమ్మడి ఎంత తియ్యగా ఉందో! కూస్‌కూస్‌ రవ్వలో వేసి వండాను, పిల్లలు గిన్నె నాకేశారు. నీ కోడలు బంగారమే."

"గింజలు?"

"అవిగో, కోళ్లకి పడేశాను. ఎందుకు?"

"ఊరికే," అంది ఫెర్రూజా. ముప్పై ఐదేళ్ల అలవాటు, నిజం నోట్లోంచి రాలేదు.

రెండో ఇంట్లో ముసలి కూకా గుమ్మంలో కూచుని నములుతోంది. ఒళ్లో వేయించిన గింజలు, ఉప్పు చల్లినవి. "రావే ఫెర్రూజా, కూచో, తిను. నీ కాయలోవే. పళ్లు లేవు గానీ చప్పరిస్తుంటే ఎంత రుచో." అని గుప్పెడు తీసి ఆమె చేతిలో పోసింది. వేడిగా, గోధుమరంగులో ఉన్నాయి. వేయించిన గింజ మొలవదు. ఫెర్రూజా ఆ గుప్పెడు పట్టుకుని నిలబడింది. ఏడుపు రావాలి గానీ రాలేదు.  ముసలామె బాధపడుతుందని ఒకటి నోట్లో వేసుకుంది. తల్లి వాసనే వచ్చింది.

మూడో ఇంట్లో గింజలు ఎరువు గుంటలో, వేడి బూడిద కింద. నాలుగో ఇంటికి వచ్చింది మెడ ముక్క, అందులో గింజలే ఉండవు. ఐదో ఇల్లు తాళం. ఆరో ఇంట్లో ఆడపిల్లలు గింజలు కడిగి, బొమ్మ మెడలో హారం చేద్దామని ఒక్కో గింజకీ మధ్యలో సూదితో బెజ్జం పెట్టేశారు. పద్నాలుగు గింజలు. పద్నాలుగింటికీ బెజ్జం.

"కావాలా పిన్నీ, హారం?" అంది చిన్నది.

"నీ దగ్గరే ఉంచుకో," అంది ఫెర్రూజా.

ఇక మిగిలింది మల్హా.

మల్హా తోట ఆమె తోటకి కిందనే. మధ్యలో ఒకటే గోడ. ఇరవై రెండేళ్లుగా ఆ గోడకి అటొకరు ఇటొకరు తవ్వుకుంటూ, మాట మాత్రం లేకుండా బతికారు. ఒకళ్ల దగ్గు ఒకళ్లకి తెలుసు. మొదట్లో ఇద్దరూ ఒకే ఏడు కాపురానికొచ్చిన వాళ్లు, ఒకే కుండతో ఊట దగ్గరికి పోయిన వాళ్లు. ఒక ఏడు మల్హా నోరు తెరిచి అడిగింది, "నాలుగు గింజలివ్వవే, నా కడుపులో పిల్ల గుమ్మడి కోరుతోంది, వచ్చే ఏటికైనా నాకూ ఒక తీగుంటుంది" అని. ఫెర్రూజా మర్నాడు ఒక ముక్క పంపింది. గీకి, కడిగి.

ఆ తర్వాత మల్హా మాట్లాడలేదు.

ఆ గుమ్మం తొక్కలేక ఫెర్రూజా ఇంటికి తిరిగొచ్చేసరికి గోడ మీద పళ్లెం ఉంది. తమ ఇంటి పళ్లెమే, జెజ్జిగ మల్హాకి కాయ పెట్టి పంపినది. ఈ ఊళ్లో పళ్లెం ఖాళీగా తిరిగి రాదు, ఎంత పగున్నా రాదు. మల్హా కూడా ఖాళీగా పంపలేదు. పళ్లెంలో ఒక గుమ్మడి ముక్క ఉంది. కుంకుమ రంగు, పొట్ట ముక్క. శుభ్రంగా గీకి ఉంది. నీళ్లతో కడిగి ఉంది. ఒక్క గింజ లేదు, ఒక్క పీచు లేదు. అద్దంలా మెరుస్తోంది.

"పాపం, మంచి ముక్క చూసి పంపింది కదత్తమ్మా," అంది జెజ్జిగ.

ఫెర్రూజాకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇన్నేళ్లు తను ఇంటింటికీ పంపింది ఇదా? చూడ్డానికి ఇలా ఉంటుందా? తనెప్పుడూ పంపే వైపే గానీ పుచ్చుకునే వైపు నిలబడింది లేదు.  ముక్కని అటు తిప్పింది, ఇటు తిప్పింది. గీకిన గీతలు కూడా తను గీకినట్టే ఉన్నాయి.

"అత్తమ్మా, నేనేం తప్పు చేశానో చెప్పు," అంది జెజ్జిగ. ఈసారి ఏడ్చేసింది.

"నువ్వా?" అంది ఫెర్రూజా. "నువ్వేం చేశావే? ఆ ఊలుకి అర్థం ఏంటో నేను ఎవరికీ చెప్పలేదు. నీ మొగుడికీ తెలీదు." అని పళ్లెం కింద పెట్టి, కోడలి తల మీద చెయ్యి వేసి, ముఖం కడుక్కుని బయల్దేరింది.

మల్హా తలుపు తెరిచే ఉంది. మల్హా వాకిట్లో జల్లెడ ముందేసుకుని కూచుంది. జల్లెడ నిండా గింజలు, తెల్లగా, బొద్దుగా, ఎండకి ఆరుతున్నాయి. ఫెర్రూజా కళ్లు వాటి మీదే అతుక్కుపోయాయి.

"ఇరవై రెండేళ్లకి దారి దొరికిందా?" అంది మల్హా తలెత్తకుండా.

"పళ్లెం అందింది."

"అందుతుంది మరి. మేం పళ్లేలు ఉంచేసుకునే వాళ్లం కాదు."

"మల్హా."

"ఆ, చెప్పు. నా పేరు గుర్తుందే!"

 ఫెర్రూజా జీవితంలో ఎవర్నీ ఏమీ అడగలేదు. ఉప్పు అడగలేదు, నిప్పు అడగలేదు. బెలాయిద్ పనిలేక కూచున్న ఏడాది కూడా ఎవరి గడపా తొక్కలేదు. ఊళ్లో ఆమెకి పేరే అది, అడగని ఫెర్రూజా అని. ఆ పేరు చూసుకుని మురిసిపోయేది కూడా.

"నాకు ఒక్క గింజ లేదు," అంది.

"ఆ మాట ఊరంతటికీ తెలుసు. సాదియా కోళ్ల మధ్య నువ్వు చేసిన డాన్స్ గురించి ఇప్పుడే చెప్పి పోయింది."

"మొత్తం పోయాయి మల్హా. అమ్మ గింజ."

"నువ్వు నాకు సంగతులు చెప్తున్నావు. అడగడం లేదు." మల్హా ఇప్పుడు తలెత్తింది. "నేనప్పుడు అడిగాను. ఏడో నెల కడుపుతో, నీ గుమ్మం ముందు నిలబడి, నోరు తెరిచి, ఇవ్వవే అన్నాను. నువ్వు కడిగిన ముక్క పంపావు. గింజలివ్వకపోయినా బాధ లేదే. కడిగావు చూడు, అది. ఒక్కటి అతుక్కుని వస్తుందేమో అని కడిగావు. నేను దొంగనా?"

 ఫెర్రూజా మెల్లగా మల్హా ఎదురుగా నేల మీద కూచుంది. మోకాళ్లు కటకటమన్నాయి.

"ఇవ్వవే మల్హా," అంది. "నాలుగు గింజలు. అడుగుతున్నాను."

మల్హా ఆమె ముఖంలోకి వంగి చూసింది. తర్వాత పక్కున నవ్వింది. "అబ్బ! ఎంత ముసలిదానివైపోయావే! గోడ మీంచి చూస్తే తెలీలేదు." అని రెండు చేతులూ జల్లెడలో ముంచి, దోసెడు ఎత్తి, ఫెర్రూజా ఒళ్లో పోసింది. నాలుగు కాదు, నలభై ఉంటాయి.

ఫెర్రూజా బిత్తరపోయింది. "ఇన్నా? నీకు?"

"నాకు బోలెడున్నాయి. పొద్దున్నించి అడిగిన వాళ్లకల్లా ఇస్తూనే ఉన్నాను. ఇందాక వచ్చిన సాదియాకి, పొద్దున తాళం వేసి పోయిన వాళ్లకి, పై వీధి వాళ్లకి..."

"ఊరందరికీ ఇచ్చేశావా?" అని ఫెర్రూజా అరిచింది. "పోతుంది కదే! అందరూ అన్నిటి పక్కనా వేస్తారు, మీ లావు గుమ్మళ్లతో కలిసి జాతి చెడిపోతుంది. జాగ్రత్తగా చూసుకోమంది మా అమ్మ!"

"జాగ్రత్తగానే చూశావుగా. మూడు కాయలు, ఒక కోడలు, ఒక పూట. అంతే, అయిపోయింది." మల్హా గింజలు సర్దుతూ అంది. "నేను గనక ముక్క కడిగినంత శ్రద్ధగా ఆ గింజలు కోళ్లకేసి ఉంటే? మీ అమ్మ పేరేంటి?"

"యమీనా."

"యమీనా," అంది మల్హా, నోట్లో రుచి చూస్తున్నట్టు. "ముప్పై ఐదేళ్లుగా దాని కాయ తింటున్నాం, పేరు ఇప్పుడు చెప్పావు."

ఫెర్రూజా ఆ గింజలు నడికట్టు ముడిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. జెజ్జిగకి చూపించింది. ఎలా ఆరబెట్టాలో, ఏ గుంటలో ఎన్ని పెట్టాలో, మొన వైపు కిందికి ఎందుకు పెట్టాలో అంతా చెప్పింది. చెప్తుంటే తనకే వింతగా ఉంది. ఇన్నేళ్లలో ఈ మాటలు ఎప్పుడూ పైకి అనలేదు.

మరుసటి అక్టోబర్లో ఆ ఊరికి కొత్తగా వచ్చిన వాళ్లు ఎవరైనా ఉంటే, ఈ ఊళ్లో పండేది గుమ్మడి ఒకటేనా అనుకునేవాళ్లు. ప్రతి గోడ మీదా, ప్రతి డాబా మీదా పొడుగు మెడలు. ముసలి కూకా అంజూరు చెట్టుకి పాకించింది, చెట్టు నిండా వేలాడాయి. ఫెర్రూజా ప్రతి తోట ముందూ ఆగి వంక పెట్టేది. మీరు తీగ కొసలు తుంచలేదు, మీరు నీళ్లెక్కువ పెట్టారు, అది ఇంకా కొయ్యకూడదు, ముచ్చిక ఎండాలి. వింటే విన్నారు, లేకపోతే లేదు.

ఒక బుధవారం మిరపకాయలు అమ్ముకుందామని కోడలితో సంతకి పోయింది. సంత చివర ఒక తెలియని ఆడమనిషి, కొండ అవతలి మనిషి, బూడిద రంగు గుమ్మళ్లు గుట్ట పోసుకుని అరుస్తోంది.

"యమీనాలు! యమీనాలు! చలికాలమంతా నిలవుండే యమీనాలు!"

ఫెర్రూజా నడి సంతలో ఆగిపోయింది. వెనకొచ్చే గాడిద ఆమెకి గుద్దుకుంది, గాడిద వాడు తిట్టాడు, ఆమెకి వినపడలేదు. ఆ ఆడమనిషి ఇంకోసారి అరిచింది. నోట్లో ఆ పేరు ఎంత అలవాటుగా ఉందంటే, పుట్టినప్పట్నించీ అంటున్నట్టుంది.

"మా అమ్మకి నేనే పంపానత్తమ్మా గింజలు," అంది జెజ్జిగ భయంభయంగా. "మల్హా పెద్దమ్మ ఇచ్చింది, పేరుతో సహా. అమ్మ వాళ్ల వీధికంతా ఇచ్చినట్టుంది. కోప్పడతావా?"

ఫెర్రూజా వెళ్లి ఆ ఆడమనిషి ముందు గొంతుక్కూచుని ఒక కాయ ఎత్తి, ముచ్చిక చూసి, గోరుతో తొక్క గీరి, చెవి దగ్గర పెట్టి తట్టింది.

"ఇది వారం ముందే కోసేశావు," అంది.

"నీకేం తెలుసమ్మా?" అంది ఆ ఆడమనిషి. "దీని సంగతి మాకు తెలుసు. ఇది యమీనా."

"ఎవరా యమీనా?"

"ఎవరో మహాతల్లి. అడిగిన వాళ్లకల్లా గింజలు పంచిపెట్టేదట."

 జెజ్జిగ ఏదో అనబోయింది. ఫెర్రూజా ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"అవును," అంది చివరికి. "నేనూ విన్నాను. ఇదిగో, ఇది నాకు తూకం వెయ్యి."